పాఠకుల చందాతో డార్క్ ఫాంటసీ కథల పత్రిక: మొదటి సంచిక తేవడం ఎలా?

నాకు వచ్చే ఉత్తరాల్లో సగం ఒకే రకంగా ఉంటాయి. కథలు రాసే మిత్రులు నలుగురు కుదిరారు, బొమ్మలు వేసేవారు ఒకరు దొరికారు, మాయ, శాపం, మృత్యువు కలగలిసిన కథలతో ఒక పత్రిక తేవాలని ఉంది, చేతిలో డబ్బు లేదు, పాఠకుల నుంచే సేకరించవచ్చా?

సేకరించవచ్చు. క్రౌడ్‌ఫండింగ్ అన్న పేరు కొత్తదే కానీ, ముందుగా చందాలు కట్టించుకుని ఆ డబ్బుతో పుస్తకం అచ్చువేయడం తెలుగువాళ్లకు పాత అలవాటే. చిక్కల్లా ఎక్కడంటే, అందరూ డబ్బు దగ్గర మొదలుపెడతారు. మీరు అలా చేయవద్దు. సంచిక ముప్పాతిక వంతు సిద్ధమయ్యాక, ప్రెస్సు కొటేషన్ చేతికి వచ్చాక మాత్రమే మొదటి రూపాయి అడగండి. అందుకే కింది వరుసలో చందా సంగతి అయిదో మెట్టుకు గానీ రాదు.

ఉదాహరణగా డెమీ సైజులో (మామూలు నవలల సైజు) 128 పేజీలు, 500 ప్రతులు అనుకుందాం.

దగ్గర పెట్టుకోవలసినవి

- పూర్తిగా దిద్దిన కథలు కనీసం ఆరు (మొత్తం ఎనిమిది కావాలి)
- పూర్తయిన ముఖచిత్రం, లోపలి బొమ్మలు రెండు
- సంపాదకుడూ రచయితా కాని ఒక ప్రూఫ్ రీడర్
- మూడు ప్రెస్సుల నుంచి కాగితం మీద రాయించుకున్న కొటేషన్లు
- ఈ పనికే ప్రత్యేకించిన బ్యాంకు ఖాతా
- గ్రాముల్లో తూచే చిన్న కాటా
- ఒక గంట సమయం ఇచ్చే ఆడిటర్

కాటా ఎందుకో చివర్లో తెలుస్తుంది.

1. ఏవి వేస్తారో, ఏవి వేయరో ఒక పేజీలో రాసుకోండి

డార్క్ ఫాంటసీ అనగానే వచ్చే కథల్లో ఎక్కువ భాగం దయ్యం కథలే అయి ఉంటాయి. తేడా ఒక్క వాక్యంలో చెప్పండి: దయ్యం కథలో మామూలు లోకంలోకి భయం చొరబడుతుంది, డార్క్ ఫాంటసీలో ఆ లోకం నడిచే నియమమే చీకటిది. ఒక ఊరు ఏటా తన చెరువుకు ఒక మనిషి పేరు ఇచ్చుకోవాలి, పేరు పోయినవాణ్ణి కన్నతల్లి కూడా పిలవలేదు. ఇలాంటి నమూనా ఒకటి ఇస్తే రచయితలకు వెంటనే అందుతుంది. డ్రాగన్లు, కోటలు అరువు తెచ్చుకోనక్కరలేదు. పొలిమేర, బేతాళుడు, కొరివిదయ్యం, ఎండిపోయిన దిగుడుబావి మనకు చాలు.

హెచ్చరిక: బాణామతి, చేతబడి చేశారన్న అనుమానంతో మనుషులను కొట్టి చంపిన ఘటనలు తెలుగు నేలమీద నిజంగా జరిగాయి. కథలో మంత్రగాడు ఉండవచ్చు. కానీ నిజంగా ఉన్న ఊరి పేరుతో, ఫలానా కులానికి చెందిన ఒంటరి ముసలమ్మే మంత్రగత్తె అని తేల్చే కథను నేను వేయను, మీరూ వేయకండి. గ్రామదేవతల విషయంలో కూడా పేరు మార్చి, స్థలం కల్పించి రాయమనడమే మేలు. మత భావాలను ఉద్దేశపూర్వకంగా గాయపరచడం భారతీయ న్యాయ సంహితలోని 299వ సెక్షన్ కింద నేరం. కేసు నిలుస్తుందా లేదా అన్నది తరువాతి మాట, కోర్టు చుట్టూ తిరిగే ఓపిక మీకుందా అన్నది ముందు మాట.

2. కథలు తెప్పించుకోండి, ఒప్పందం రాసుకోండి

డెమీ పేజీకి దాదాపు 230 పదాలు పడతాయి. ముందూ వెనకా పేజీలు, బొమ్మలు పోగా కథలకు మిగిలేది 105 పేజీలు అనుకుంటే సుమారు 24,000 పదాలు. అంటే ఒక్కొక్కటి మూడు వేల పదాల చొప్పున ఎనిమిది కథలు. ఈ లెక్క ప్రకటనలోనే పెట్టండి. లేకపోతే పదిహేను వేల పదాల నవలిక పంపి, ఒక్క అక్షరం తీసినా ఒప్పుకోనని పట్టుబట్టేవారు తప్పక తగులుతారు.

కథలు యూనికోడ్‌లో, వర్డ్ ఫైలుగా మాత్రమే తీసుకోండి. పీడీఎఫ్, ఫోటో, పాత అను ఫాంట్ల ఫైలు వద్దని రాయండి. అను ఫాంట్ నుంచి యూనికోడ్‌కు మార్చినప్పుడు ఒత్తులు, కొటేషన్ గుర్తులు తారుమారవుతాయి. వాటిని సరిచేయడం కంటే మళ్లీ టైపు చేయడం తేలిక.

ఒప్పందం అరపేజీ చాలు, కానీ ఉండాలి. కాపీరైట్ చట్టం 1957 ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా జరగాలి, ఏ హక్కులో కూడా రాయాలి. కాలం రాయకపోతే అయిదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశంగా చట్టం లెక్కగడుతుంది. మీ పాఠకుల్లో కొందరు డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉంటారు కనుక ప్రాంతం తప్పక రాయండి. మొదటి ప్రచురణ హక్కు మాత్రమే తీసుకుని మిగిలినవి రచయితకే వదిలేయండి. ఆడియో హక్కు ఎవరిదో ప్రత్యేకంగా రాయండి. కథలు చదివి వినిపించే చానళ్లు ఇన్ని వచ్చాక గొడవలన్నీ అక్కడే మొదలవుతున్నాయి.

పారితోషికం చిన్నదైనా ఇవ్వండి. ప్రెస్సుకు, పోస్టుకు డబ్బిచ్చి రచయితకు మాత్రం ప్రోత్సాహం ఇస్తామనడం బాగుండదు.

3. పుస్తకమా, పత్రికా? ముందే తేల్చుకోండి

నిర్ణీత కాలవ్యవధిలో వెలువడే పత్రికలకు ఇప్పుడు వర్తించేది 2023 నాటి పత్రికల, నియతకాలికల నమోదు చట్టం. 2024 మార్చి 1 నుంచి అమల్లో ఉంది, 1867 నాటి పాత చట్టం స్థానంలో వచ్చింది. మొదటిసారి చేసేవారికి నా సలహా ఒకటే: నెలవారీ, త్రైమాసిక అనే మాటలు ముఖచిత్రం మీద వేయకుండా, 'మొదటి సంపుటం' అని కథా సంకలనంగా తీసుకురండి. తీరు పత్రికదే, రూపం పుస్తకానిది. రెండో సంపుటం ఎప్పుడు వస్తుందో మీకే తెలియనప్పుడు త్రైమాసికమని వేసుకోవడం ఎందుకు?

పుస్తకమైతే ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ నంబరు, తీసుకోండి. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఐఎస్‌బీఎన్ సంస్థ దీన్ని ఉచితంగా ఇస్తుంది, వ్యక్తులు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. డబ్బు తీసుకుని ఇప్పిస్తామనే మధ్యవర్తులు అక్కరలేదు. నంబరు రావడానికి సమయం పడుతుంది కనుక కథలు దిద్దుతున్నప్పుడే దరఖాస్తు పెట్టండి. ఆఖరి వారంలో పెట్టి, బార్‌కోడ్ లేని అట్ట అచ్చువేసి, తరువాత ఇంటిల్లిపాదీ కూర్చుని స్టిక్కర్లు అంటించిన అనుభవం నాకుంది.

ఏడాదికి నాలుగు సంచికలు కచ్చితంగా తేగలమన్న ధైర్యం ఉంటే నమోదు చేయించుకోండి. అయితే అయిదో మెట్టులోని విదేశీ డబ్బు సంగతి చదివాకే ఆ నిర్ణయం తీసుకోండి.

4. లెక్క వేయండి, పోస్టు ఖర్చు మరవకండి

కిందివి నమూనా అంకెలు. మీ కొటేషన్లు వచ్చాక మార్చుకోండి.

- అచ్చు, బైండింగ్: 500 ప్రతులు, ఒక్కోటి 80 రూపాయల చొప్పున 40,000
- కథలకు పారితోషికం: 8 × 2,000 = 16,000
- ముఖచిత్రం: 8,000
- లోపలి బొమ్మలు: 8 × 1,000 = 8,000
- ప్రూఫ్ రీడింగ్: 5,000
- పేజీల అమరిక: 5,000
- ప్యాకింగ్: 300 × 12 = 3,600
- పోస్టు: 300 × 75 = 22,500

మొత్తం 1,08,100. దానికి పది శాతం అదనం కలపండి, 1,18,910 అవుతుంది. చెల్లింపుల గేట్‌వే (ఆన్‌లైన్‌లో డబ్బు అందుకుని మీ ఖాతాకు చేర్చే సేవ) సుమారు 2 శాతం, దానిపై జీఎస్టీ తీసుకుంటుంది. చందా 425 రూపాయలు పెట్టి 300 మంది చేరితే 1,27,500 వస్తుంది, అందులో గేట్‌వేకు పోయేది మూడు వేలు. ఒక్కో చందాదారు మీద మీకయ్యే అసలు ఖర్చు 406 రూపాయలన్నమాట. మిగిలిన 200 ప్రతుల్లో రచయితలకు, చిత్రకారులకు పోగా మిగతావి పుస్తక ప్రదర్శనల్లో అమ్ముకోవచ్చు.

ఇక్కడ దొర్లే తప్పు దాదాపు అందరిదీ ఒకటే. అచ్చు ఖర్చును ప్రతులతో భాగించి, 80 రూపాయల పుస్తకానికి 250 పెడితే బోలెడు మిగులుతుందనుకుంటారు. పైన చూశారుగా, అచ్చు కంటే మిగతావే ఎక్కువ. ఇంకో సంగతి, కొటేషన్ అడిగేటప్పుడు 'జీఎస్టీతో కలిపి' అనే మాట తప్పక వాడండి.

300 మంది దొరకరనిపిస్తే డిజిటల్ ప్రింటింగులో 150 ప్రతులు వేయించండి. ప్రతికి ఖర్చు పెరుగుతుంది కానీ మంచం కింద కట్టలు మిగలవు.

5. ఇప్పుడు చందా అడగండి

భారతదేశంలో ఉండి కిక్‌స్టార్టర్ అనే అమెరికా క్రౌడ్‌ఫండింగ్ వెబ్‌సైటులో ప్రాజెక్టు పెట్టడం కుదరదు, మన దేశం వారి జాబితాలో లేదు. అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉన్న మిత్రుడు బాధ్యత తీసుకుంటే పెట్టవచ్చు. అక్కడ లక్ష్యం చేరకపోతే ఎవరి డబ్బూ కదలదు, చేరితే 5 శాతం రుసుము, చెల్లింపుల ఖర్చు అదనం. ఇక్కడి పాఠకుల కోసమైతే గేట్‌వే పేజీ ఒకటి, వివరాల ఫారం ఒకటి చాలు. కిక్‌స్టార్టర్ పాటించే క్రమశిక్షణను మీ అంతట మీరే పాటించాలి. 'ఫలానా తేదీకి 300 మంది చేరకపోతే పది రోజుల్లో డబ్బు వాపసు' అని ప్రకటనలోనే రాయండి. అప్పటిదాకా ఆ ఖాతాలోంచి పైసా తీయకండి.

ప్రచారం 30 రోజులు చాలు. హైదరాబాద్ పుస్తక ప్రదర్శన సాధారణంగా డిసెంబరులో, విజయవాడది జనవరి మొదట్లో జరుగుతాయి. వాటికి పుస్తకం అందాలంటే ఆగస్టు నెలాఖరులో చందా మొదలుపెట్టాలి.

విదేశీ డబ్బు: 'విరాళం' అనే మాట ఎక్కడా వాడకండి. ఇది పుస్తకానికి ముందస్తు వెల. మాట ఒక్కటే మారితే సరిపోదు, డబ్బు కట్టిన ప్రతి ఒక్కరికీ ఒక ప్రతి, దానికొక బిల్లు ఉండాలి. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 2010 ప్రకారం నమోదైన వార్తాపత్రిక సంపాదకుడు, యజమాని, ప్రచురణకర్త విదేశీ విరాళం తీసుకోకూడదు. మిగిలినవారిలో కూడా సాంస్కృతిక, విద్యా కార్యక్రమాల వంటివి నడిపేవారికి నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ కావాలి. మామూలు వ్యాపారంలో సరుకుకు చెల్లించిన వెల ఈ నిర్వచనంలోకి రాదు. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసులతో ఈ చిక్కు లేదు. విదేశీ పౌరసత్వం తీసుకున్న మిత్రుడు ప్రేమ కొద్దీ వెయ్యి డాలర్లు పంపుతానంటే మాత్రం వద్దని, పుస్తకాలు కొనమని చెప్పండి. ఆడిటర్‌ను అడగవలసిన గంట ఇదే.

ఫారంలో అడగవలసినవి: పూర్తి చిరునామా, పిన్‌కోడ్ విడి గడిలో, ఫోను నంబరు, ఇంకా కృతజ్ఞతల పేజీలో వేయవలసిన పేరు తెలుగు లిపిలో. చివరిది ఎందుకంటే, ఇంగ్లీషు అక్షరాల్లో వచ్చిన పేర్లను మేమే తెలుగులోకి మార్చి, ఒక లతగారిని 'లథ'ను చేశాం. ఆవిడ నవ్వి ఊరుకున్నారు, అందరూ నవ్వరు.

బహుమతుల మోజులో పడకండి. టీషర్టు, కప్పు, తాయెత్తు ఆకారంలో కీచెయిను అని మొదలుపెడితే పత్రిక వెనక్కి పోయి మీరు సామాన్ల దుకాణం నడుపుతారు. ఎక్కువ ఇచ్చేవారికి సంతకాల ప్రతి, ముఖచిత్రం ముద్రించిన పోస్టుకార్డు చాలు.

6. పేజీలు కట్టండి

పత్రిక కదా అని రెండు కాలమ్‌లు పెట్టవద్దు. తెలుగు మాటలు పొడవు. ఇరుకు కాలమ్‌లో రెండు వైపులా సమంగా సర్దితే మాటల మధ్య కాలువలు తవ్వినట్టు ఖాళీలు వస్తాయి. డెమీ పేజీకి ఒకే కాలమ్, 11 లేదా 12 పాయింట్ల అక్షరం, వరుసల మధ్య ధారాళంగా జాగా ఉంచండి. మన ఒత్తులు కిందికి, గుడులు పైకి పోతాయి కనుక ఇంగ్లీషు కంటే ఎక్కువ జాగా కావాలి.

ఉచితంగా దొరికే ఫాంట్లలో కథాభాగానికి మండలి, నోటో సెరిఫ్ తెలుగు బాగుంటాయి. శీర్షికలకు లావుపాటి రామభద్ర. చీకటి కథలు కదా అని రక్తం కారే అక్షరాలు వెతకకండి. తెలుగులో అలాంటివి దొరికినా 'క్ష', 'జ్ఞ' దగ్గర చతికిలబడతాయి.

పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్ వాడితే పేరాగ్రాఫ్ అమరికల్లో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోండి. ఇది మరిచిపోతే ఒత్తులన్నీ విడిపోయి పక్కన నిలబడతాయి. డబ్బు పెట్టలేనివారికి స్క్రైబస్ కొత్త వెర్షన్లు, లిబ్రె ఆఫీసు సరిపోతాయి.

పరీక్ష: లక్ష్మి, స్వాతంత్ర్యం, నిర్ఝరం, జ్యోత్స్న, వస్త్రం అనే మాటలను మీరు వాడే ప్రతి ఫాంటులో, ప్రతి సైజులో ఒక కాగితం మీద అచ్చుతీసి చూడండి. తెర మీద కాదు, కాగితం మీద. తరువాత 'రాజ్‌కుమార్' లాంటి పేర్లు వెతకండి. పొల్లును విడిగా నిలిపే కనబడని గుర్తు ఒకటి అక్కడ ఉంటుంది. ఫైలు చేతులు మారేటప్పుడు అది జారిపోతే 'రాజ్కుమార్' అయిపోతుంది. ప్రూఫ్ రీడర్ కళ్లు కూడా దీన్ని దాటిపోతాయి.

ప్రెస్సులో 16 పేజీలు కలిపి ఒక ఫారంగా అచ్చువేస్తారు కనుక పేజీల సంఖ్య 16తో భాగించబడాలి. 128 అందుకే. 131 పేజీలు వస్తే మూడు పేజీలు కోయండి, లేదంటే 144కు పొడిగించండి.

7. చీకటి బొమ్మలు బొగ్గు ముద్దలు కాకుండా చూసుకోండి

ఇతర పత్రికలవారికి లేని బాధ ఇది. తెర మీద అద్భుతంగా కనిపించిన అర్ధరాత్రి అడవి మాప్‌లిథో (నునుపు పూత లేని మామూలు పుస్తకాల) కాగితం మీద పడగానే సిరా పీల్చుకుని నల్లగా ముద్దకడుతుంది. మా మొదటి సంచికలో పేజీ నిండా వేసిన రాక్షసి బొమ్మలో రెండు కళ్లు తప్ప ఏమీ మిగలలేదు. పాఠకులు అది కావాలనే చేశామనుకుని మెచ్చుకున్నారు, చిత్రకారుడు మాత్రం నెల రోజులు మాట్లాడలేదు.

లోపలి బొమ్మలకు గీతల పని, చుక్కల నీడలు అడగండి. బూడిదరంగు నీడలే కావాలంటే నలుపును తగ్గించి, నీడలో ఉన్న వివరాలను అవసరమనిపించిన దానికంటే కాస్త తేలిక చేయించండి. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కల స్పష్టత), అట్టకు సీఎంవైకే (అచ్చుకు వాడే నాలుగు సిరాల) రంగులు, చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కోతలో పోయే అదనపు అంచు) తప్పనిసరి. నల్లటి అట్టకు మాట్ లామినేషన్ అందంగానే ఉంటుంది కానీ వేలిముద్రలు, గీతలు దాని మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. నమూనా ముక్కను జేబులో వేసుకుని రెండు రోజులు తిరిగి చూసి నిర్ణయించండి.

8. ప్రెస్సులో

అచ్చు ఆర్డరు ఇచ్చే ముందు అదే కాగితంతో, అదే పేజీలతో కుట్టిన తెల్ల డమ్మీ (ఏమీ అచ్చువేయని నమూనా పుస్తకం) అడగండి. వెన్ను మందం దాన్నిబట్టే కొలవాలి, ఊహించి వేస్తే పేరు అట్ట మీదికి జారుతుంది. 'పేజీమేకర్ (పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్) ఫైలు ఇవ్వండి, మేం మార్చుకుంటాం' అని ప్రెస్సువారు అంటారు. ఇవ్వకండి. ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్ మాత్రమే ఇచ్చి, ఒక 16 పేజీల ఫారం పరీక్షకు తీయించుకుని చూడండి. ఆ ఫారంలో నీడలున్న బొమ్మ ఒకటి, సంయుక్తాక్షరాలు దట్టంగా ఉన్న పేజీ ఒకటి ఉండేలా చూసుకోండి.

కట్టలు చేతికి వచ్చాక పైనున్న ప్రతిని చూసి సంతోషపడవద్దు. ప్రతి కట్ట నుంచి మధ్యలో ఉన్న ఒకటి తీయండి. పేజీలు వరుసగా ఉన్నాయా, తెల్ల పేజీలు వచ్చాయా, మధ్యకు తెరిచి గట్టిగా వంచితే జిగురు విడుతుందా చూడండి. విడితే ఆ కట్టంతా అప్పుడే వెనక్కి పంపండి. మిగిలిన బాకీ చెల్లించాక మాట వినేవారు తక్కువ.

9. తూచండి, పంపండి

కాటా తీయండి. 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు 70 గ్రాములు తూగే) కాగితం మీద 128 డెమీ పేజీల పుస్తకం అట్టతో కలిపి 155 గ్రాముల దాకా తూగుతుంది. స్పీడ్ పోస్టులో 250 గ్రాములు ఒక మెట్టు, ప్యాకింగుతో కలిపి అది దాటకుండా చూసుకోండి. దాటితే 300 ప్యాకెట్ల మీద దెబ్బ గట్టిగా తగులుతుంది. ప్లాస్టిక్ కవరులో పెట్టి, గట్టి అట్ట ముక్క ఆనించి, పైన కవరు వేయండి.

రిజిస్టర్డ్ పోస్టును 2025 సెప్టెంబరు 1 నుంచి స్పీడ్ పోస్టులో కలిపేశారు. కనుక పాత లెక్కలతో సలహా చెప్పేవారి మాట పట్టుకోకండి. 2025 మే నుంచి తపాలా శాఖ పుస్తకాల కోసం జ్ఞాన్ పోస్ట్ నడుపుతోంది, 300 గ్రాములకు 20 రూపాయలు, పన్నులు అదనం. విద్య, సమాజం, సంస్కృతి, మతం పుస్తకాలకు ఉద్దేశించినది. నియతకాలికలకు, ప్రకటనలున్న వాటికి వర్తించదు. మీ సంకలనాన్ని ఒప్పుకుంటారో లేదో ఒక ప్రతి పట్టుకెళ్లి చూపించి అడగండి. ఒప్పుకుంటే పోస్టు ఖర్చు మూడో వంతుకు పడిపోతుంది.

మూడు వందలూ ఒకేరోజు పంపకండి. ముందు ఇరవై వేర్వేరు ఊళ్లకు పంపండి, అందుకున్నవారిని ప్యాకెట్ ఫోటో అడగండి. మూలలు నలిగి ఉంటే ప్యాకింగు మార్చి మిగిలినవి పంపండి. విదేశాలవారికి ఇ-ప్రతి ఇవ్వడమే నయం, పోస్టు ఖర్చు పుస్తకం వెలను మించుతుంది. ఫోనులో చదువుకునేలా చిన్న పేజీ, పెద్ద అక్షరంతో విడిగా పీడీఎఫ్ తయారుచేయండి. అచ్చు ఫైలునే పంపితే చదవలేక వదిలేస్తారు.

కొన్ని ప్యాకెట్లు తిరిగి వస్తాయి. పది శాతం అదనం పెట్టుకున్నది వీటికోసమే. ఫోను చేసి చిరునామా సరిచేసుకుని మళ్లీ పంపండి, రెండోసారి పోస్టు ఖర్చు అడగకండి.

ఇక మిగిలింది, 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురించిన 30 రోజుల్లో కలకత్తా జాతీయ గ్రంథాలయానికి ఒక ప్రతి, చట్టం గుర్తించిన మరో మూడు గ్రంథాలయాలకు ఒక్కొక్కటి మీ ఖర్చుతో పంపడం. 500లో ఆ నాలుగింటినీ మొదటి రోజే పక్కన పెట్టండి. లేకపోతే ఎవరో బంధువులు వచ్చి పట్టుకుపోతారు.